ముందు బండ, తర్వాత బండి: ఆస్ట్రేలియా ఆదివాసుల రాతి చిత్రాలకు ఏ దారి, ఏ వాహనం?

మెల్‌బోర్న్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట జూన్, జూలై స్కూలు సెలవుల మాట వస్తే, ఈ మధ్య ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతున్నారు: "కారవాన్ తగిలించుకుని కాకడూ వెళ్లి ఆ పాత బొమ్మలు చూసొద్దామనుకుంటున్నాం. కారవాన్ కొనుక్కుంటే మేలా, అద్దెకు తీసుకుంటే మేలా?"

కాకడూ అంటే ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న జాతీయ పార్క్, కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. బండి సంగతి తర్వాత, ముందు ఏ బండ చూడాలో తేల్చుకోండి. బండ ఎక్కడుందో తెలిస్తే అక్కడికి తారు రోడ్డుందా, మట్టి రోడ్డుందా అన్నది తెలుస్తుంది. రోడ్డు తెలిస్తే అద్దె బండి ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో తెలుస్తుంది. ఆ బండిలో అత్తయ్యగారు ఎక్కి దిగగలరా అన్నది ఆఖర్న తేలుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు బండి బుక్ చేసి, తర్వాత మ్యాప్ తీసి, "అయ్యో, ఇది వెళ్లదట" అంటారు. మొదటిసారి మేమూ అదే చేశాం. ముందు కారవాన్ అద్దెకు మాట్లాడుకుని, పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోని కింబర్లీ వెళ్దామని కూర్చుని, అద్దె కాగితాల్లో "మట్టి రోడ్ల మీద చెల్లదు" అన్న లైను చూసి ప్లాన్ మొత్తం మార్చుకున్నాం.

కాకడూ: మొదటిసారికి నా ఓటు దీనికే

డార్విన్ నుంచి ఆర్న్‌హెమ్ హైవే మీద జబీరూ ఊరు సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఉబిర్ అనే రాతిగుట్ట మరో 40. దారంతా తారు రోడ్డే. అంత పాత చిత్రాల దగ్గరికి మామూలు బండిలో, ముసలివాళ్లతో, పసిపిల్లలతో వెళ్లగలిగే చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

పార్క్ దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు. 1981 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. బినింజ్, ముంగుయ్ ప్రజల నేల ఇది. వాళ్లూ, ప్రభుత్వమూ కలిసి నడుపుతారు. నమోదైన చిత్ర స్థలాలే 5,000 దాకా ఉన్నాయి. కొన్ని చిత్రాల వయసు 20,000 ఏళ్ల వరకు ఉండొచ్చంటారు. జనానికి తెరిచినవి మాత్రం కొద్ది చోట్లే. రెండు మూడు రోజులకు అవే ఎక్కువ.

ఉబిర్‌లో ఒక కిలోమీటరు చుట్టు దారి ఉంది, నడక తేలిక. ముఖ్యమైన గోడ మీద బారమండి చేపలు, తాబేళ్లు ఎక్స్‌రే తీసినట్టు కనిపిస్తాయి. వెన్నెముక, లోపలి అవయవాలు అన్నీ విడివిడిగా గీశారు. చూసిన చేపనే కాదు, కోసి తిన్న చేపను కూడా గీసిన చేతులవి. అదే గోడ మీద జేబుల్లో చేతులు పెట్టుకుని, నోట్లో పైపుతో ఒక తెల్లవాడూ ఉన్నాడు. కొంచెం పైన థైలసీన్ బొమ్మ ఉంది. వీపు మీద చారలుండే ఆ జంతువు ఈ ప్రధాన భూభాగంలో అంతరించి సుమారు మూడు వేల ఏళ్లయింది. అంటే గీసినాయన దాన్ని కళ్లారా చూసి ఉండాలి. మా అబ్బాయి ఈ లెక్క విని ఐదు నిమిషాలు నోరు మెదపలేదు. మా ఇంట్లో అది రికార్డు.

పిల్లలకు మరీ నచ్చేది మబూయు బొమ్మ. మబూయు చేపలు పట్టి తాడుకి గుచ్చి ఈడ్చుకుపోతుంటే, ఎవరో వెనక నుంచి తాడు కోసి చేపలు ఎత్తుకుపోయారు. దొంగలు గుహలో చేరి తిని పడుకునే దాకా ఆగి, పెద్ద బండరాయి తెచ్చి గుహ ద్వారం మూసేశాడు. తెల్లారి ఎవరూ బయటికి రాలేదు. దొంగతనం చేస్తే ఏమవుతుందో పిల్లలకు చెప్పే కథ ఇది. మా మామగారు మోకాళ్ల నొప్పితో పైకి ఎక్కలేక ఆ బండ నీడలోనే కూర్చుని, వచ్చే పోయే పిల్లలకు ఈ కథ తన ఇంగ్లీషులో చెబుతూ సాయంత్రమంతా గడిపేశారు.

మేం ఎక్కింది నాదబ్ అనే పైబండ. ఎక్కాల్సింది 250 మీటర్లే అయినా నిటారు. కింద పచ్చటి వరద మైదానం కనిపిస్తుంది. సూర్యాస్తమయం చూడటానికి అందరూ అక్కడికే వస్తారు. చాలా గైడ్లు చెప్పని చిక్కు ఇక్కడే ఉంది. చాలా అద్దె మోటార్‌హోమ్‌ల (ఇల్లూ ఇంజనూ ఒకటే అయిన బండ్లు) ఒప్పందంలో చీకటి పడ్డాక ఊరి బయట నడపకూడదని ఉంటుంది. వాలబీలు (చిన్న కంగారూలు), గేదెలు రోడ్డెక్కేది అప్పుడే. సూర్యాస్తమయం చూసి 40 కిలోమీటర్లు చీకట్లో జబీరూకి వస్తే, దారిలో ఏదైనా తగిలిందనుకోండి, ఖర్చంతా మీదే. ఉబిర్ పక్కనే, కొన్ని కిలోమీటర్లలో, మెర్ల్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. కరెంటు ఉండదు, దోమలు మాత్రం పుష్కలం. అయినా ఆ ఒక్క రాత్రి అక్కడే పడుకోండి. దోమతెర, ఒంటికి రాసుకునే మందు మర్చిపోతే మాత్రం ఈ సలహా ఇచ్చినందుకు నన్ను తిడతారు.

రెండో చోటు బురుంగుయ్, పాత పేరు నార్లాంజీ. ఒకటిన్నర కిలోమీటరు చుట్టు నడక. అక్కడ నమర్గోన్ ఉన్నాడు, మెరుపుల మనిషి. మోచేతులకూ మోకాళ్లకూ రాతి గొడ్డళ్లు కట్టుకుని ఉంటాడు. వాటితో కొడితే ఉరుము. ఒంటి చుట్టూ వంపు తిరిగిన గీత మెరుపు. ఈ గోడ మీది బొమ్మల్ని 1960లలో నయోంబోల్మి అనే చిత్రకారుడు కొత్తగా వేశాడు. ఇది తెలిసి కొందరు మొహం ముడుస్తారు, "అయితే పాతది కాదా?" అని. నాకది అర్థం కాదు. గడప ముందు ముగ్గు వయసెంత అని మనం అడగం కదా. పొద్దున వేసిందే, కానీ అమ్మమ్మ చేతి చుక్కలే. ఇక్కడ బొమ్మ మీద బొమ్మ వేయడం, వెలిసిన దాన్ని మళ్లీ దిద్దడం మామూలు పద్ధతి.

మన పాండవుల గుట్ట, కేతవరం బొమ్మలు చూసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా తగులుతుంది. మన బండల మీది ఎర్ర బొమ్మలు ఎవరు వేశారో, వాటి కథేమిటో చెప్పేవాళ్లు లేరు. అందుకే గుట్టకు పాండవుల పేరు తగిలించుకున్నాం. కాకడూలో ఆ బొమ్మలు వేసినవాళ్ల మనుమలు, మునిమనుమలు పార్క్ రేంజర్లుగా మీ పక్కనే నిలబడి కథ చెబుతారు. పొడికాలంలో రేంజర్ల మాటలు వినే సమయాలుంటాయి. అవి చూసుకుని ఆ రోజు ప్లాన్ చేసుకోండి. నా లెక్కలో ఇది సూర్యాస్తమయం కన్నా ముఖ్యం.

ఎప్పుడు వెళ్లాలి? బినింజ్ లెక్కలో ఏడాదికి ఆరు రుతువులు. అందులో జనవరి నుంచి మార్చి దాకా గుజేగ్, అంటే కుండపోత. అప్పుడు చాలా దారులు మునుగుతాయి. జూన్ నుంచి సెప్టెంబర్ మంచి కాలం. పార్క్‌లోకి వెళ్లే పాస్ పొడికాలంలో పెద్దలకు 40 డాలర్ల దాకా ఉంటుంది. వారం చెల్లుతుంది.

ఇక బండి. మెల్‌బోర్న్ నుంచి సొంత కారవాన్ లాక్కుంటూ వెళ్తే ఒక వైపే 3,700 కిలోమీటర్లకు పైన. రెండు వారాల సెలవులో పోనూ రానూ రోడ్డే సరిపోతుంది, బొమ్మలు చూసే తీరిక ఉండదు. లాంగ్ లీవ్ పెట్టినవాళ్లకు, రిటైరైనవాళ్లకు అది వేరే ఆనందం. మిగతావాళ్లు డార్విన్‌కి విమానంలో వెళ్లి అక్కడ మోటార్‌హోమ్ తీసుకోండి. అమ్మానాన్నలు వెంట ఉంటే మాత్రం మోటార్‌హోమ్ కూడా వద్దు. మామూలు కారు తీసుకుని జబీరూలోనో కూయిండాలోనో క్యాబిన్‌లో దిగండి. మేం ఆరుగురికి సరిపోయే మోటార్‌హోమ్ తీసుకున్నాం. రాత్రి రెండింటికి అత్తయ్యగారు బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే, బల్ల మడిచి వేసిన పక్క మీద నుంచి ఇద్దరిని లేపాలి. మూడో రాత్రికి ఆవిడే అన్నారు, "నాయనా, గది ఏదైనా దొరుకుతుందేమో చూడు" అని.

గారివెర్డ్: కారవాన్‌కి సరైన చోటు

మ్యాపుల్లో గ్రాంపియన్స్ అని కనిపించేది ఇదే. మెల్‌బోర్న్‌కి పడమరన సుమారు మూడు గంటల ప్రయాణం. జాబ్ వురుంగ్, జార్డ్‌వాజలి ప్రజల కొండలివి. విక్టోరియాలోని రాతి చిత్రాల్లో చాలా భాగం ఈ కొండల్లోనే ఉంది.

కాకడూ ఫొటోలు చూసి ఇక్కడికి వస్తే నిరాశ తప్పదు. ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడి బొమ్మలు చిన్నవి, వెలిసినవి. కాపాడటానికి ఇనుప జాలీ కట్టారు, దాని సందుల్లోంచి చూడాలి. అయినా గుల్గుర్న్ మంజా అనే బండ ముందు నిలబడితే మనసు ఆగుతుంది. ఆ పేరుకి అర్థం పిల్లల చేతులు. రాతి మీది ఎర్ర చేతి ముద్రల్లో చాలా వరకు నిజంగా చిన్నపిల్లలవే. మా అమ్మాయి జాలీ ఇవతల నుంచే తన అరచెయ్యి చాచి కొలుచుకుంది. ఙమాజిజ్ అనే ఇంకో చోట తెల్లమట్టితో వేసిన బొమ్మలున్నాయి. ఇక స్టావెల్ ఊరికి దగ్గర్లో బుంజిల్ గూడు అనే బండ ఉంది. ఈ ప్రాంతపు సృష్టికర్త బుంజిల్, పక్కన రెండు డింగో కుక్కలు. ఆయన బొమ్మ ఇంకెక్కడా దొరకలేదు. ఒక్క బొమ్మే కదా అని దాన్ని వదిలేసి వెళ్లేవాళ్లను చూశాను. వదలకండి, రోడ్డు దిగి కొద్ది అడుగుల నడకే.

కారవాన్ అసలు లాభం ఇక్కడ తెలుస్తుంది. హాల్స్ గ్యాప్‌లో కారవాన్ పార్కులో దాన్ని వదిలేసి, ఉత్త కారుతో చిన్న దారుల్లో తిరగొచ్చు. మోటార్‌హోమ్ అయితే బండ చూడాలన్నా పాలు తేవాలన్నా కరెంటు వైరు పీకి, నీళ్ల పైపు చుట్టి, గిన్నెలు సర్ది, ఇల్లు మొత్తం వెంట తీసుకెళ్లాలి. ఒకే చోట మూడు రాత్రులుండి చుట్టూ తిరిగే యాత్రకు కారవాన్, రోజుకో చోట పడుకునే యాత్రకు మోటార్‌హోమ్. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం చర్చ అయిపోయినట్టే.

కారవాన్‌కి కష్టం రివర్స్‌లో ఉంది. స్టీరింగ్ ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది. మొదటిరోజు సాయంత్రం పార్కు మొత్తం కుర్చీలు వేసుకుని చూస్తుండగా పదకొండు సార్లు ప్రయత్నించాను. చివరికి పక్క సైటులోని తాతగారు లేచి వచ్చి, "చెయ్యి స్టీరింగ్ కింద భాగం మీద పెట్టు, బండి వెనక ఎటు పోవాలో చేతిని అటే జరుపు" అన్నాడు. ఒక్కసారిలో వచ్చేసింది. బయల్దేరే ముందు ఖాళీ గ్రౌండులో గంటసేపు ఇది సాధన చేయండి, టెన్షన్ సగం తగ్గుతుంది.

2024 డిసెంబర్, 2025 మొదటి నెలల్లో ఈ కొండల్లో పెద్ద కార్చిచ్చులు వచ్చాయి. కాబట్టి ఏ దారి తెరిచి ఉందో పార్క్స్ విక్టోరియా వెబ్‌సైట్‌లో చూశాకే బయల్దేరండి. ఎండాకాలం మానేసి, సెప్టెంబర్ నుంచి నవంబర్ లోపల వెళ్తే కొండల నిండా అడవి పూలు కూడా ఉంటాయి.

కింబర్లీ: కారవాన్ ఇంట్లో వదిలేయండి

చిత్రాల వరకే చూస్తే అన్నిటికన్నా గొప్ప చోటు ఇదేనని నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడి వాంజినాలకు పెద్ద గుండ్రటి కళ్లు, తల చుట్టూ మబ్బులాంటి వలయం ఉంటాయి. నోరు మాత్రం ఉండదు. వాన తెచ్చే శక్తులు అవి. వొరోరా, ఙరిన్యిన్, వునంబల్ ప్రజలకు అవి నేటికీ బతికున్న దైవాలు. ఇంకో రకం గ్వియోన్ గ్వియోన్: సన్నగా, జడలతో, కుచ్చులతో, నాట్యం మధ్యలో ఆగినట్టున్న మనుషులు. రంగులో కాలం తేల్చే పదార్థం లేకపోవడంతో, బొమ్మ మీదా కిందా కందిరీగలు కట్టిన మట్టిగూళ్లను తీసుకుని వయసు లెక్కగట్టారు. గ్వియోన్ బొమ్మల్లో చాలావాటికి సుమారు 12,000 ఏళ్లని తేలింది. 2021లో ప్రకటించిన ఒక కంగారూ బొమ్మకైతే సుమారు 17,300 ఏళ్లు. కందిరీగ గూడు చీపురుతో దులిపేసేటప్పుడు ఇప్పుడు నాకు చిన్న తప్పు చేసినట్టుంటుంది.

కానీ దారి? గిబ్ రివర్ రోడ్డు 660 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మట్టీ కంకరే. వాగులు దాటాలి, టైర్లు పగులుతాయి. మునుర్రు చిత్రాలకు, మిచెల్ జలపాతం వైపుకి వెళ్లాలంటే అందులోంచి ఇంకా పాడు రోడ్డెక్కాలి. ఆ నేల యజమానులైన వునంబల్ గాంబెరా ప్రజల దగ్గర ఉంగూ విజిటర్ పాస్ తీసుకోవాలి. అద్దె మోటార్‌హోమ్ ఇక్కడికి రాదు, మామూలు కారవాన్ విరుగుతుంది. పైకప్పు మీద టెంట్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్, రెండు స్పేర్ టైర్లు, శాటిలైట్ ఫోన్, మట్టి రోడ్డు అనుభవం ఉన్న ఇంకో డ్రైవర్ ఉంటేనే ఆలోచించండి. మొదటి యాత్రగా మాత్రం వద్దు.

బొమ్మల మీద ప్రాణం ఉండీ ఇంత సాహసం లేనివాళ్లకు ఒక దారుంది. బ్రూమ్‌లో దిగి తారు రోడ్డు మీద డెర్బీ వెళ్లండి. గిబ్ రోడ్డు మొదట్లోనే మొవాంజుమ్ కళా కేంద్రం ఉంది. వాంజినా వేసే హక్కున్న కుటుంబాల చిత్రకారులు అక్కడ పనిచేస్తారు. మేం చేసింది అదే. గుహ చూడలేదన్న లోటు ఉంది. కానీ ఇంటి గోడ మీదున్న వాంజినా ఎవరి చేతిలోంచి వచ్చిందో తెలుసు.

డార్విన్ వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. కునునర్రా దగ్గర పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో క్వారంటైన్ వాళ్లు బండి తనిఖీ చేస్తారు. చాలా రకాల పండ్లు, కూరగాయలు, తేనె దాటనివ్వరు. కరివేపాకు కట్ట ఉన్నా దాచకుండా చూపించి అడగండి. ముందురోజే ఫ్రిజ్ ఖాళీ చేసే వంట చేసుకోవడం ఉత్తమం.

మిగతావి, క్లుప్తంగా

పెర్త్‌లో ఉండేవాళ్లకు మురుజుగా. కరాతా ఊరి పక్కన, పెర్త్ నుంచి సుమారు 1,500 కిలోమీటర్లు. ఇవి రంగు బొమ్మలు కావు, రాతిలో చెక్కినవి. పది లక్షలకు పైగా ఉన్నాయంటారు. 2025లో యునెస్కో జాబితాకెక్కింది. ఙజార్లి దగ్గర చక్కగా నడకబాట వేశారు, చక్రాల కుర్చీతో కూడా వెళ్లొచ్చు. కాకపోతే పక్కనే గ్యాస్ ఫ్యాక్టరీలు కనిపిస్తుంటాయి. ఆ దృశ్యం కొందరికి నచ్చదు, నాకైతే అదీ చూడాల్సిందే అనిపిస్తుంది.

బ్రిస్బేన్ వాళ్లకు కార్నార్వన్ గోర్జ్. అక్కడ ఆర్ట్ గ్యాలరీ అనే 62 మీటర్ల ఇసుకరాతి గోడ మీద రెండు వేలకు పైగా చెక్కడాలు, చేతి అచ్చులు, బొమ్మలు. పోనూ రానూ సుమారు 11 కిలోమీటర్ల నడక, వాగు దాటుతూ. నడిచే ఓపిక ఉంటేనే. కెయిర్న్స్ వైపు వెళ్లేవాళ్లకు లారా దగ్గర స్ప్లిట్ రాక్. సన్నగా పొడుగ్గా ఉండే క్వింకన్ ఆత్మల బొమ్మలు, లారా దాకా తారు రోడ్డు. పిల్లలకు దెయ్యం కథలు ఇష్టమైతే కాకడూ తర్వాత ఓటు దీనికే.

కాగితాల మీద చూసుకోవాల్సినవి

మోటార్‌హోమ్‌లో ఎంతమంది పడుకోవచ్చన్నది చూసి మోసపోవద్దు. సీటు బెల్టులు ఎన్ని, చిన్నపిల్లల సీటు బిగించే కొక్కేలు ఎన్ని అని అడగండి. నలుగురు పడుకునే బండిలో పిల్లల సీటు ఒక్కటే పట్టే సందర్భాలున్నాయి. కారవాన్‌లో అయితే నడుస్తున్నప్పుడు ఎవరూ కూర్చోకూడదు, అది నేరం. కాబట్టి మనుషులంతా కారులో పట్టాలి. కారు ఎంత బరువు లాగగలదో, సామాను, నీళ్లు నింపిన కారవాన్ ఎంత బరువో లెక్క చూడండి. చిన్న ఎస్‌యూవీలు చాలావాటికి రెండు టన్నులు లాగే శక్తి లేదు.

4.5 టన్నుల లోపు మోటార్‌హోమ్‌కి మామూలు కారు లైసెన్స్ చాలు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి నడపాలనుకునేవాళ్లకు ఎడమవైపు డ్రైవింగ్ అలవాటే. ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా వెంట తెచ్చుకుంటే అద్దె కౌంటర్ దగ్గర వాదన ఉండదు. కొత్తది రోడ్ ట్రైన్. 50 మీటర్లకు పైన పొడవుండే లారీ అది, ఓవర్‌టేక్ చేయాలంటే కిలోమీటరు పైన ఖాళీ రోడ్డు కనబడాలి. కనబడకపోతే వెనకే ఉండండి, లేదా ఆగి టీ పెట్టుకోండి.

వంట సంగతి. పోపు మాత్రం బండి లోపల పెట్టకండి. పొగ అలారం అరుస్తుంది, ఇంగువ వాసన పరుపులకు పట్టి బండి తిరిగి ఇచ్చేదాకా పోదు. బయట చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. అగ్గి నిషేధం ఉన్న రోజుల్లో అదీ కుదరదు, అలాంటి రోజులకు పులిహోర, పెరుగన్నం ఉండనే ఉన్నాయి.

బొమ్మల దగ్గర తాకకూడదన్నది అందరికీ తెలుసు, చేతి జిడ్డు రంగును తినేస్తుంది. తెలియనివి రెండున్నాయి. కొన్ని చోట్ల ఫొటో వద్దని బోర్డు ఉంటుంది, అది నియమం కన్నా మర్యాద అనుకోండి. ఇంకోటి, చనిపోయినవాళ్ల పేరు పలకడం, ఫొటో చూపడం కొన్ని కుటుంబాలకు బాధ కలిగిస్తుంది. గైడ్ ఎవరి పేరైనా దాటవేస్తే గుచ్చి అడగొద్దు. ఉబిర్ పక్కనే కేహిల్స్ క్రాసింగ్ అనే చోట నది దాటి, ఆదివాసుల సొంత నేల అయిన ఆర్న్‌హెమ్ లాండ్‌లోకి వెళ్లాలంటే పర్మిట్ తప్పనిసరి. ఇంజలాక్ కొండ బొమ్మలు చూపించే స్థానిక గైడ్లు అవతలే ఉంటారు. ఆ నదిలో మొసళ్లు ఎక్కువ. నడిచి దాటే ఆలోచన, నీళ్లలో కాళ్లు పెట్టే ఆలోచన రెండూ వద్దు.

జూలై సెలవులకు డార్విన్ బండ్లు, జబీరూ క్యాబిన్లు చాలా ముందే అయిపోతాయి. సంక్రాంతికల్లా బుక్ చేసుకోండి. దొరకకపోతే, ఇండియాలో వేసవి సెలవులకు అమ్మానాన్నలు ఎలాగూ ఇక్కడికి వస్తారు కాబట్టి మే నెలాఖరు చూడండి. రద్దీ ఇంకా మొదలై ఉండదు, వానలు తగ్గి మైదానం పచ్చగా ఉంటుంది. మెర్ల్ ఆ ఏడాది తెరిచారో లేదో మాత్రం బయల్దేరే ముందు కాకడూ వెబ్‌సైట్‌లో చూసుకోండి. తెరవకపోతే ఉబిర్‌కి పొద్దున్నే వెళ్లి రండి.